తోకియె మోచేయి

పొద్దున ఆరున్నరకు తోకియె చొక్కా చేతిని పైకి మడిచి, తొట్టిలోని నీళ్లలో మోచేయి ముంచుతుంది. కాసేపు కళ్లు మూసుకుంటుంది. కొంచెం ఎక్కువైందనిపిస్తే ఒక చెంబు చన్నీళ్లు కలిపి మళ్లీ ముంచుతుంది. మోచేయి ఒప్పుకున్నాక గాని తాబేళ్లను పెట్టెలోంచి తీయదు. ఒక్కొక్కదాన్నీ గడ్డం దాకా నీళ్లు వచ్చేలా దింపి, పక్కన కూచుని టీ తాగుతుంది. అవి మెడలు చాచుకుని నీళ్లు తాగుతాయి. తడిసిన నల్లటి డిప్పల మీద పసుపు చారలు నక్షత్రాల్లా తేలతాయి.

ఆమె దగ్గర థర్మామీటర్లు లేక కాదు. మూడున్నాయి. తాబేళ్లను చూడటానికి సెందాయి పట్నం నుంచి వచ్చే అన్బె సాన్ ఒక్కోసారి ఒక్కొక్కటి తెచ్చిచ్చాడు. మూడూ సొరుగులోనే ఉన్నాయి. నలభై ఏళ్లు స్నానశాల నడిపిన మనిషి గాజు గొట్టం మాట విని నీళ్లు కలపదు.

ఆ స్నానశాల పేరు కామెనొయు. తాబేటి స్నానం అని అర్థం. హిరొసాకిలో ఆపిల్ మండీ వెనక సందులో ఉండేది. వెనక బాయిలర్ దగ్గర భర్త కిసాకు, ముందు గల్లా మీద తోకియె. ఆపిల్ తోటల్లో కత్తిరించిన కొమ్మలే బాయిలర్‌కు కట్టెలు. అందుకని పొగ కూడా కాస్త తియ్యగా ఉండేది. ఆ ఊరి జనానికి ఒళ్లు చురుక్కుమంటే గాని స్నానం చేసినట్టుండదు. ఒక్క డిగ్రీ తగ్గితే మగవాళ్ల వైపు నుంచి కేక వినిపించేది: "కిసాకూ, నిద్రపోయావా? ఇందులో చేపలు పెంచుకోవచ్చు!"

తాబేళ్లు వచ్చింది ఆ పేరు వల్లే. రోజూ వచ్చే సైన్సు మాస్టారొకాయన దక్షిణాదికి బదిలీ అయ్యి వెళ్లిపోతూ రెండు నక్షత్ర తాబేళ్లున్న అట్టపెట్టెను గల్లా మీద పెట్టాడు. "మీ బోర్డు మీద వీటి పేరేగా ఉంది" అని, జవాబు కోసం ఆగకుండా చెప్పులు తొడుక్కున్నాడు. ఆడదానికి యూజు అని పేరు పెట్టారు, చలికాలం నడుమ స్నానపు నీళ్లలో వేసే పుల్లటి పండు పేరు. మగదానికి తరాయ్, అంటే బట్టలుతికే తొట్టి. బాయిలర్ గది పక్కన కట్టెలు పేర్చుకునే చిన్న గదిలో వాటికి చోటిచ్చారు. గోడల మీద ఎప్పుడూ ఆవిరి చుక్కలు నిలిచేవి.

తాబేళ్ల పిచ్చి ఉన్న అన్బె సాన్ వాటి సంగతి ఎవరి దగ్గరో విని, రైలెక్కి వచ్చి చూసి నోరు తెరిచాడు. ఎండ దేశపు జంతువులని ఆయన తన తాబేళ్లను పొడిగా, వేడి దీపాల కింద పెంచాడు. వాటి డిప్పలు గుట్టలు గుట్టలుగా లేచాయి. ఇక్కడివేమో బోర్లించిన గిన్నెల్లా నున్నగా ఉన్నాయి.

"ఏం మందు వేస్తారండీ?"

"మందేమిటి? ఇది ఇల్లు కాదు బాబూ, ఆవిరి కుండ" అన్నాడు కిసాకు.

అప్పటి నుంచి అన్బె సాన్ ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. మొదట తాబేళ్లను చూసేవాడు, తర్వాత స్నానం చేసేవాడు.

గుడ్ల దగ్గరే కిసాకుకు కలిసి రాలేదు. యూజు ఏటా ఇసుకలో నాలుగో ఐదో పెట్టేది. పెట్టిన గంటలోపే కిసాకు వాటిని దూది మీద పెట్టి బాయిలర్ పక్క అరలోకి మార్చేవాడు. "వీటి దేశంలో మంచు పడదు. చలి తగిలిందంటే అయిపోయినట్టే" అని ఆ అర దగ్గర తలుపు కూడా తీయనిచ్చేవాడు కాదు. వంద రోజులు, నూట యాభై రోజులు చూసేవాడు. చివరికి వాసన వచ్చేది. వాటిని పెరట్లో పాతిపెట్టేవాడు. ఇలా పద్నాలుగేళ్లు.

మండీలో ఆపిల్స్ ఏరే చియొనొ తువ్వాలు భుజాన వేసుకుని రాగానే అడిగేది. "ఏం తోకియె అక్కా, పిల్లలయ్యాయా?"

"లేదే."

"ఇంకేం, మీ ఆయన్ని కాస్త ఉప్పు చల్లి తెమ్మను. తలా ఒకటి తింటాం."

ఆడవాళ్ల వైపు గొల్లున నవ్వులు. గోడ అవతల కిసాకుకు వినిపిస్తుందని తెలిసి తోకియె మాత్రం నవ్వు బిగబట్టుకునేది.

పదిహేనో ఏడు సెప్టెంబరు నెలాఖర్లో యూజు ఐదు గుడ్లు పెట్టింది. మూడోనాడు బాయిలర్ పగిలింది. వచ్చిన మెకానిక్ టోపీ తీసి, ఇది ఇక అతకదన్నాడు. చివరి స్నానం ముందురోజే అయిపోయింది. అది చివరిదని ఎవరికీ తెలియదు. చియొనొ తన సబ్బు డబ్బా అరలోనే వదిలి వెళ్లింది, రేపు వస్తాను కదా అని.

స్థలం యజమాని ఏప్రిల్‌లో పడగొట్టిస్తానన్నాడు. తోకియె వాళ్లకు దొరికింది రెండో అంతస్తులో ఒక చిన్న వాటా. అక్కడ బాయిలరూ లేదు, ఆవిరీ లేదు. మార్చిలో వచ్చి యూజునీ తరాయ్‌నీ తీసుకెళ్లమని కిసాకు అన్బె సాన్‌కు కబురు చేశాడు.

"మరి గుడ్లు పిల్లలైతే?" అంది తోకియె.

"పద్నాలుగేళ్లుగా కానివి ఇప్పుడవుతాయా?"

"అయితే?"

"అయితే ఉంచుకుందాం. ఒక్కటైనా సరే, అన్నిటినీ ఉంచుకుందాం" అన్నాడు కిసాకు, మారాం చేసే పిల్లను ఊరుకోబెట్టినట్టు.

తాబేళ్లను స్నానశాల పైనే తాముండే మేడ మీదికి చేర్చి, సామాను సర్దే హడావిడిలో పడ్డారు. గుడ్లు ఆమె తెచ్చిందనుకున్నాడు ఆయన. ఆయన తెచ్చాడనుకుంది ఆమె. అక్టోబరు ఆఖరున చీపురు కోసం కిందికి వెళ్లిన తోకియెకు చల్లారిన బాయిలర్ పక్క అరలో ఐదు గుడ్లూ కనిపించాయి. మోచేతికి ఆనిస్తే ఏటి రాళ్లలా ఉన్నాయి.

"నెల రోజులు చలిలోనా? పారెయ్" అన్నాడు కిసాకు. ఆమె వైపు చూడలేదు.

తోకియె పారేయలేదు. టోఫూ వచ్చిన డబ్బాలో తడి నాచు పరిచి గుడ్లు పెట్టి, మూతకు చిల్లులు పొడిచింది. దాన్ని కొటాట్సు కింద పెట్టింది. చలికాలమంతా ఇంటిల్లిపాదీ అడుగున హీటరున్న ఆ పొట్టి బల్ల చుట్టూ కూచుని, దాని మీద కప్పిన బొంత కింద వెచ్చగా కాళ్లు చాపుకుంటారు. ఇక రోజుకు నాలుగుసార్లు బొంత ఎత్తి మోచేయి పెట్టేది. ఎక్కువైతే బొంత అంచు మడిచేది. తక్కువైతే దింపేది.

"ఏమే, నా కాలు!"

"ముడుచుకో."

"నా ఇంట్లో నేను కాలు చాపుకోకూడదా?"

"ఫిబ్రవరి దాకా వద్దు."

ఫిబ్రవరి ఇరవయ్యో తారీకున, మంచు కిటికీ సగం దాకా పేరుకున్న రోజు మధ్యాహ్నం, చియొనొ టీకి వచ్చి కూచుంది. రెండు గుక్కలు తాగి కప్పు దించింది.

"అక్కా, మీ ఇంట్లో ఎలకలున్నాయా? కింద ఏదో గీకుతోంది."

కిసాకు లేచిన వేగానికి కప్పు దొర్లింది. ఆయన బోర్లా పడుకుని తల బొంత కింద దూర్చాడు. చాలాసేపు కాళ్లు మాత్రమే కనిపించాయి. తర్వాత లోపలి నుంచి సన్నటి గొంతు వచ్చింది. "తోకియే... ముక్కు బయటికొచ్చింది."

ఆ సాయంత్రానికి ఒకటి, మర్నాటికి ఇంకొకటి. మిగతా మూడూ మురిగాయి. నిమ్మకాయంత పిల్ల కిసాకు అరచేతిలో కళ్లు చికిలించింది. ఆయన వేళ్ల మీద ఏదో లెక్కవేసుకున్నాడు.

"ముందు చలి కావాలన్నమాట వాటికి. మంచులో నడిచొచ్చిన వాడికే కదా వేణ్నీళ్ల రుచి తెలిసేది! నేనేమో పద్నాలుగేళ్లు వాటిని ఉడకబెట్టాను."

"ఉప్పు చల్లమని నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా" అంది చియొనొ.

ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది కిసాకే. ఆ వారమంతా పాత స్నానశాల వాళ్లు పిల్లల్ని చూడటానికి వచ్చారు. ఇద్దరు ముగ్గురు అలవాటు కొద్దీ తువ్వాలు భుజాన వేసుకునే వచ్చారు. వచ్చినవాళ్లు గల్లా ఉండే వైపు తల వంచి, తర్వాతే మెట్లెక్కారు.

మార్చిలో అన్బె సాన్ గడ్డి పరిచిన రెండు పెట్టెలతో దిగాడు. తోకియె టోఫూ డబ్బా మూత తీసి చూపించింది. ఆయన వంగి డబ్బాలోకి చూశాడు.

"ఎన్ని డిగ్రీలు పెట్టారు?"

తోకియె మోచేయి చూపించింది. ఆయన జేబులోంచి తీసిన కలాన్ని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"మరి తాబేళ్లను తీసుకెళ్లమన్న మా మాట..." అని కిసాకు నసిగాడు.

"నేను స్నానానికి వచ్చాననుకోండి. పెట్టెలు మాత్రం ఉంచుకోండి, ఇల్లు మారేటప్పుడు పనికొస్తాయి" అన్నాడు అన్బె సాన్.

కిసాకు పోయి అయిదేళ్లయింది. కామెనొయు ఉన్న చోట ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. ఇప్పుడు తోకియెకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఆరు చాపలు పట్టే గదిలో నాలుగు చాపల మేర తాబేళ్ల పెట్టెలున్నాయి, మిగిలిన రెండు చాపల మీద ఆమె ఉంటుంది. గురువారాల్లో చియొనొ మల్బరీ ఆకు తెస్తుంది. గుమ్మం దగ్గర చెప్పుల అరలో, చల్లటి మూలన, టోఫూ డబ్బాలో నాలుగు గుడ్లున్నాయి. నవంబరు ఒకటిన వాటిని కొటాట్సు కిందికి మారుస్తుంది.