వైనో కూర్చున్న కాగితం

మిల్లు మూతపడింది గానీ హిల్క చేతులు ఊరుకోలేదు. కాగితం మిల్లులో చినిగినవీ మడతపడ్డవీ ఏరి పారేస్తూ వయసంతా గడిపిన మనిషి, ఇప్పుడు ఊరి బడిలో పిల్లల్ని చుట్టూ వేసుకుని ఆ చెత్తతోనే కాగితం చేయిస్తోంది. గుడ్ల అట్టలు, పాత పేపర్లు చింపి నానబెట్టి, గుజ్జులో గింజలు కలిపి, జల్లెడ చట్రంతో పైకెత్తి ఆరబెడతారు. ఆ కాగితాన్ని మట్టిలో కప్పెడితే మొక్క లేస్తుంది.

ఆ రోజు సిల్వి అనే పిల్ల, హిల్క గింజలు దాచి తెచ్చిన కాఫీ డబ్బా మూత తీసి, లోపలున్నదంతా గుజ్జులో కుమ్మరించింది.

"ఒసేయ్! చిటికెడు వెయ్యమన్నానా, డబ్బా ఒంచమన్నానా?"

"చిటికెడైతే వాటికి తోడుండదు కదా మామ్మా!"

అవి హిల్క అత్తగారు సైమి పెంచిన గసగసాలు. ఆ లేత ఊదారంగు పూలు ఊళ్ళో మరొకరి పెరట్లో లేవు. "నీ చేతిలో గడ్డి కూడా బతకదు" అని బతికినన్నాళ్ళూ కోడల్ని దెప్పిన సైమి, పోయేముందు డబ్బా మాత్రం ఆ చేతిలోనే పెట్టింది. తుంటినొప్పితో హిల్క ఈమధ్య విత్తనే లేదు. ఉన్నవల్లా ఆ గింజలే. అవీ పోతే అత్తగారి మాటే నెగ్గినట్టు.

తడిసిన గింజ త్వరగా ఆరకపోతే కుళ్ళిపోతుంది. బయట చూస్తే ఏప్రిల్ చిత్తడి. హిల్క ఆ కాగితాలు ఇంటికి మోసుకొచ్చి, ఆవిరిస్నానం చేసే సౌనా గది ఇంకా గోరువెచ్చగా ఉంటే, అందులో పైబల్ల మీద పరిచింది. మొగుడు వైనోకి ఒక మాట చెప్పాలన్నది మాత్రం తోచలేదు.

శనివారం సాయంత్రం వైనో ఎప్పట్లాగే సౌనా పొయ్యి రాజేసి, కాలిన రాళ్ళమీద నీళ్ళు చల్లుకుని, ఉడికిన రొయ్యలా ఎర్రబడి ఇంట్లోకొచ్చాడు.

"బల్లమీద వేసుకునే అట్టలు కొత్తవి తెచ్చావా? కాస్త గుచ్చుకుంటున్నాయి."

"ఏ అట్టలు?"

"అవేనే. ఒకటి వేసుకుని కూర్చున్నా. తక్కినవి అడ్డమని కింద మూలకి నెట్టా."

"నీ తెలివి తెల్లారా! మీ అమ్మ నెత్తిన కూర్చొచ్చావయ్యా!"

హిల్క తుంటినొప్పి మరిచి పరుగెత్తింది. సౌనాలో పైన ఎంత సెగ ఉన్నా కింద నేల చల్లనే. మూలనున్న కాగితాలు పొడిగా గలగలమన్నాయి. అయినా లోపలి గింజ బతికిందో లేదో ఎవరు చెప్పగలరు?

మే నెలలో పిల్లలు తలో కాగితం పట్టుకెళ్ళి తమ పెరళ్ళలో పాతారు. వైనో కూర్చున్నదాన్ని కూడా వదల్లేదు, బడి గోడ పక్కన పాతారు. హిల్క ఎవర్నీ ఏమీ అడగలేదు. అడగాలంటే భయం.

ఒకనాడు సిల్వి రొప్పుతూ వచ్చింది. "మామ్మా, మొలిచాయి! పిల్లికూన నూగులా ఉన్నాయి!"

జూలైకి ఆ పిల్లల పెరళ్ళన్నీ ఊదారంగే. బడి గోడ పక్కన మాత్రం ఏమీ లేవలేదు. అక్కడ సిల్వి ఒక పుల్ల పాతి అట్టముక్క కట్టింది: "ఇక్కడ వైనో తాత కూర్చున్నాడు." అది చూసి హిల్క తుంటి పట్టుకుని మరీ నవ్వింది.

ఆకులు రాలే వేళకి పిల్లలు ఎండిన కాయలు గిలక్కాయల్లా ఆడిస్తూ వచ్చారు. కాఫీ డబ్బా నిండి పొర్లింది. హిల్క వాళ్ళని వెంటబెట్టుకుని సైమి సమాధి దగ్గరికి వెళ్ళింది.

"చూశావా అత్తా? నా చేతిలో మొలవలేదులే, వీళ్ళ చేతుల్లో మొలిచింది. నాకిచ్చి పోయినందుకు నీకు దణ్ణం, ఒలకబోసినందుకు దీనికి దణ్ణం."

హిల్క నోట అలాంటి మాట ఊళ్ళో ఎవరూ విని ఎరగరు. సమాధి చుట్టూ చల్లమని డబ్బా సిల్వి చేతికిచ్చింది.

"చిటికెడేనా మామ్మా?"

"నీ చిటికెడు ఎంతో నాకు తెలీదూ? కానియ్."