ఫ్లాస్కులో కోళ్ల మందు

తెల్లబట్ట తగ్గడం లేదని నా భార్య సిద్దిపేటలో ఒక డాక్టరమ్మకు చూపించుకుంది. తొంభైల చివరి మాట. గర్భసంచి ముఖద్వారం నుంచి తీసిన నమూనాలో ఏదో అనుమానంగా ఉందని డాక్టరమ్మ నన్ను కూడా పిలిపించింది.

"భయపడకున్రి, క్యాన్సర్ అంటలేను. హైదరాబాద్‌ల కొత్తగ వైరస్ పరీక్ష చేస్తున్నరు. వైరస్ లేదంటే ఆపరేషన్ మాటే వద్దు, కొన్నాళ్లకు మళ్ల చూసుకుంటే చాలు. ఉంటే ఇంకా లోతుగ చూడాలె."

ఆ వైరస్ ఆలుమగల మధ్యనే అంటుకుంటుందని, చాలామందికి వచ్చి దానంతటదే పోతుందని, ఎవరినీ తప్పుపట్టే పని లేదని కూడా చెప్పింది. నేను గోడమీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను. అడగాల్సినవన్నీ నా భార్యే అడిగింది. మా వాడలో ఎంతోమంది ఆడవాళ్లు చిన్న బాధకే గర్భసంచి తీయించుకుని నడుములు పట్టుకు తిరుగుతున్నారు. తనకా గతి పట్టకూడదని ఆమె పంతం.

నమూనా సీసాను మంచుముక్కలతో ఫ్లాస్కులో పెట్టి హైదరాబాద్‌కు మమ్మల్నే తీసుకెళ్లమన్నారు. మంచి ఎండాకాలం. బస్సులో ఆమె ముందు ఆడవాళ్ల సీట్లో, నేను వెనక, ఒళ్లో ఫ్లాస్కు. కొండపాక దగ్గర మా బట్టల దుకాణానికి ఎప్పుడూ వచ్చే రైతు ఒకాయన ఎక్కి నా పక్కనే కూర్చున్నాడు.

"ఏంది తమ్మీ, చాయా? జరంత పొయ్యరాదు, గొంతు ఎండుకపోతుంది."

"చాయ్ కాదన్నా, కోళ్ల టీకా మందు."

"కోళ్ల మందు పట్నంకెల్లి తెస్తరు గని, పట్నం తీస్కపోతవేంది?"

"వాపస్ ఇయ్యనీకె."

"కోళ్లెప్పుడు వెట్టినవ్?"

ఒక అబద్ధానికి ఇంకోటి అతికిస్తూ పోయాను. ముందు సీట్లో నా భార్య తల తిప్పలేదు. బస్సు దిగాక ఫ్లాస్కు నా చేతిలోంచి తీసుకుని తానే మోసింది. నాలుగు తిట్టినా బాగుండేది.

వైరస్ లేదని తేలింది. ఆమె గర్భసంచి ఆమెకు దక్కింది. నేనూ ఊపిరి పీల్చుకుని, ఆ సంగతి ఎవరికీ తెలియలేదు కదా అని మురిసిపోయాను కూడా.

దసరా గిరాకీ రోజుల్లో ఆ రైతు దుకాణానికి వచ్చాడు. "ఏం తమ్మీ, నీ కోళ్లు మంచిగున్నయా?"

నాకు అన్నం తెచ్చిన నా భార్య అక్కడే ఉంది. "మాకు కోళ్లు లేవన్నా. గా ఫ్లాస్కుల ఉన్నది నా గర్భసంచి పరీక్షది. క్యాన్సర్ అయితదేమోనని చూపిచ్చుకున్న. ఏం భయం లేదన్నరు" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చేతిలోని చీర కింద పెట్టి గొంతు తగ్గించాడు.

"మా ఇంటామెకు ముట్లు ఆగిపోయినంక గూడ నెత్తురు పడ్తుంది చెల్లె. ఎవ్వల్ని అడగాల్నో తెల్వక ఊకున్నం."

"ఎప్పటిసంది అన్నా?"

"ఎండకాలం సంది. తమ్మి బస్సుల కలిసిండు సూడు, గప్పుడే షురువైంది."

నా భార్య నా వైపు చూడలేదు. "రేపే తీస్కరా అన్నా, డాక్టరమ్మ కాడికి నేను గూడ వస్త" అంది.

నేను సిగ్గుతో చచ్చిపోయి, ఆయన వదిలేసిన చీర మడత పెడుతున్నాను. ఆ రోజు పట్నం దాకా ఆయన నా పక్క సీట్లోనే కూర్చున్నాడు.