మంచం మీద సరిచేసిన తెడ్లు

మా బాబాయి ముప్పై ఏళ్లు పడవ నడిపాడు. ఏట్లో ఏనాడూ మునగలేదు కానీ మొండితనంలో మాత్రం పీకలదాకా మునిగి ఉండేవాడు. వయసుతో మణికట్లు సడలి, తెడ్డు చేతిలో తిరిగిపోవడం మొదలైంది. తెడ్డు చివరుండే వెడల్పాటి ఆకు అడ్డం తిరిగితే నీటిని తొయ్యదు, కోస్తుంది. పడవ ఉన్నచోటే ఉంటుంది. అలా పడవవాళ్ల పరీక్షలో వరసగా రెండేళ్లు తప్పాడు. మూడోసారి తప్పితే అనుమతి రద్దు. ఆయనకు ఇంకో పని రాదు. రాదని ఒప్పుకోవడం అసలే రాదు.

అందుకని తెడ్డును తిరగనివ్వని రబ్బరు కట్లు రెండు తెచ్చాడు. కట్టును తెడ్డుకు బిగిస్తే, అది పడవ అంచునుండే ఇనుప కొండీలో కూర్చుని ఆకును ఎప్పుడూ నిలువుగా ఉంచుతుంది. మణికట్టుకు పని లేదు.

ఏటి దగ్గర బిగిస్తే తోటివాళ్లు నవ్వుతారని, కొండీలు ఊడదీసి తెచ్చి పడకగదిలో మంచం పట్టెలకు తగిలించాడు. తలవైపు తిరిగి కూర్చుని, ఒక తెడ్డు కిటికీలోంచి బయటికీ, ఇంకోటి వంటగదిలోకీ చాచి, వారం రోజులు గాలిని తోశాడు.

"కూర కలిపేది నేనా, మీరా?" అని పిన్ని లోపల్నుంచి అరిచేది.

దారానికి బరువు కట్టి వేలాడదీసి, ఆకులు నిట్టనిలువుగా వచ్చేదాకా కట్లు తిప్పాడు. ఇక జన్మలో కదలకూడదని జిగురు దట్టించాడు. ఏది చేసినా అంతే మనిషి.

పరీక్ష రోజు అధికారి కాగితాల అట్ట పట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు. బాబాయి కొండీలు మళ్లీ పడవకు తగిలించి, ముందు కొసవైపు తిరిగి కూర్చుని ఒక్క తోపు తోశాడు. తెడ్లు రెండూ బుడుంగున నీళ్లలోకి దూకి అడుగుకు పోయాయి. పైకి లాగాడు. మళ్లీ దూకాయి. ఆయన ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది. నవ్వు అంతకంటే ముందొచ్చింది, అది వేరే సంగతి.

ఒడ్డున నా పక్కనే ఉన్న పిన్ని తల పక్కకు వంచి ఆ తెడ్లను కాసేపు చూసింది.

"ఏవండీ, మన మంచం తలవైపు ఇటుకలున్నాయి కదా!"

పిన్నికి ఛాతీలో మంట. తలవైపు ఎత్తుండాలని డాక్టరంటే, ఆ వైపు మంచం కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టించింది. ఈ మహానుభావుడు వాలుమంచం మీద నిలువు చూసుకుని, ఆ తెడ్లు తెచ్చి సమంగా ఉన్న పడవకు పెట్టాడు; ఆకులు వాలిపోయి, తోసినప్పుడల్లా నీళ్లలోకి దిగిపోతున్నాయి.

"జిగురు ఊడదే," అన్నాడు బాబాయి నీరసంగా.

"ఊడకపోతే పడవనే వంచుదాం."

నీళ్లంటే చచ్చేంత భయమున్న పిన్ని, చెప్పులు చేత్తో పట్టుకుని పడవెక్కి వెనక కొసన ధబ్బున కూర్చుంది. ముందు కొస రెండిటుకల ఎత్తు లేచింది.

"ఇంకాస్త వెనక్కి జరుగు!"

"ఇంకా జరిగితే ఏట్లో ఉంటాను. తోయండి ముందు!"

తోశాడు. పడవ గీత గీసినట్టు వెళ్లి, అవతలి గట్టు తాకి తిరిగొచ్చింది. పిన్ని దారంతా కళ్లు మూసుకునే ఉంది.

అధికారి తల గోక్కున్నాడు. "ఈవిడ దిగితే ఇది నడవదు కదా! ప్రయాణికురాలని ఎలా రాయను?"

చివరికి సామగ్రి అని ఉన్న గడిలో రాసి ముద్ర గుద్దాడు: తెడ్లు రెండు, కొండీలు రెండు, కట్లు రెండు, భార్య ఒకరు.

పిన్ని మండిపడుతుందనుకున్నాను. కాగితం రెండుసార్లు చదివి, "నన్ను చివర్న రాశాడేంటి?" అంది.

ఆమెను మొదటికి మార్చి రాసేదాకా బాబాయి అధికారిని కదలనివ్వలేదు.