మద్దెల చెయ్యి

మాట కంటే ముందు దెబ్బ వచ్చింది. పెదవి చిట్లి నోట్లో ఉప్పగా తగిలాక గానీ, కొట్టింది అన్న అని మద్దెలకు అర్థం కాలేదు.

మద్దెల అంటే ఇక్కడ వాయిద్యం కాదు, మోటారు సైకిళ్ల కరెంటు పని చేసే మనిషి. రోలుకు ఒకవైపే దెబ్బలు, మద్దెలకు రెండువైపులా అంటారు కదా. చిన్నప్పుడు వాణ్ని ఒక పక్క తండ్రి, ఇంకో పక్క అన్న వాయించేవాళ్లు. వీధి పెట్టిన పేరు అలాగే నిలిచిపోయింది. తిరిగి ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగడు.

తండ్రికి ఒక పాత బండి ఉండేది. దాని హెడ్‌లైటు మసకబారితే అరచేత్తో ఒక్కటి చరిచేవాడు, వెలిగేది. కొడుకు లెక్క తప్పినా అలాగే చరిచేవాడు, అక్కడ మాత్రం ఏమీ వెలిగేది కాదు. ఒక మధ్యాహ్నం తండ్రి నిద్రలో ఉండగా పిల్లాడు లైటు విప్పి, లోపల వదులైన స్క్రూ బిగించాడు. ఇక చరచకుండానే వెలిగింది. తండ్రి మెచ్చుకోలేదు సరికదా, అడగకుండా బండి ముట్టుకున్నందుకు రెండు తగిలించాడు. అయినా పిల్లాడు ఆ రాత్రి నవ్వుతూనే పడుకున్నాడు. వాడికి పని దొరికింది.

తండ్రి పోయాక బండి అన్నకు వచ్చింది. పాత ఇళ్లు పడగొట్టడం అన్న వృత్తి. బూట్ల మడమలకు ఇనుప లాడాలు కొట్టించుకుని తిరుగుతాడు. పోయిన ఏడు తమ్ముడి చేత బండికి మొత్తం కొత్త తీగలు వేయించుకున్నాడు. ఇప్పుడు ఆ బండిని సామాన్ల ఆటోలో వేసుకుని, ఎడమ కాలికి కట్టుతో ఉన్న కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, చేతిలో గడ్డపారతో దిగాడు. ఆటోవాడు బండిని దించి, పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టి, కిరాయి కూడా అడక్కుండా పోయాడు.

"నీ తీగలే రా నా కూతురి కాలు విరిచింది! వంతెన మలుపులో ఇంజనూ పోయింది, లైటూ పోయింది. బండి గుంటలో, పిల్ల బండి కింద!"

"చూస్తా అన్నయ్యా, కూర్చో."

"చూసేదేముంది? ఏ చేత్తో వేశావ్ ఆ తీగలు?"

మద్దెల అమాయకంగా కుడి చెయ్యి చూపించాడు.

"అయ్యో బాబాయ్, చూపిస్తావేంటి!" అని అరిచింది పిల్ల.

అన్న ఆ చేతిని లాగి పనిబల్ల మీద అదిమిపట్టాడు. గడ్డపార లేచింది. ఆ చెయ్యి పోతే కూడు పోయినట్టే. వాడికి ఇంకో విద్య రాదు.

"తప్పు నా తీగదైతే రెండు చేతులూ తీసుకో," అన్నాడు మద్దెల రక్తం ఉమ్మేసి. "ముందు చూడనీ. చెయ్యి విరిచాక ఎవరు చూస్తారు, నువ్వా?"

అన్న చెయ్యి వదిలాడు, గడ్డపార మాత్రం పక్కన పెట్టలేదు.

ఫ్యూజు కాలిపోయి ఉంది. కొత్తది వేసినా అదీ కాలిపోయేదే. మద్దెల దాని చోట ఒక హెడ్‌లైటు బల్బు తగిలించాడు. కరెంటు ఎక్కడో దొంగదారిన ఇనుము మీదికి పోతుంటే బల్బు నిండుగా వెలుగుతుంది, ఆ దారి మూస్తే ఆరిపోతుంది. బల్బు భగ్గున వెలిగింది.

"దీపం పెట్టి దణ్ణం పెడతావా ఏంటి?" అన్నాడు అన్న.

హారన్ తీగ ఊడదీశాడు. వెలుగుతూనే ఉంది. గడ్డపార నేలకు టంగున తగిలింది. ముందు లైటు తీగ. వెలుగుతూనే ఉంది. మళ్లీ టంగు. మద్దెల చెమట తుడుచుకుని వెనక లైటు తీగ లాగాడు. బల్బు ఆరిపోయింది.

తీగ మళ్లీ కలిపి, దాని వెంట వేళ్లతో తడుముకుంటూ పోయాడు. సీటు కింద, పనిముట్ల పెట్టె వెనక వేళ్లు ఆగాయి. పెట్టె రేకు లోపలికి సొట్టపోయి, దాని అంచు తీగను కొరికి పట్టుకుని ఉంది. స్క్రూడ్రైవరుతో రేకును ఎత్తాడు, బల్బు ఆరింది. వదిలాడు, వెలిగింది.

"బయటి వైపు చూడు అన్నయ్యా."

సొట్ట నెలవంకలా ఉంది. లాడం అచ్చు.

"స్టార్ట్ కానప్పుడల్లా నువ్వు తన్నే చోటే కదా నాన్నా అది," అంది పిల్ల.

అన్న చెంపదెబ్బకు పిల్ల స్టూలుతో సహా పడింది. కట్టు కాలు గోడకు కొట్టుకుని కెవ్వున కేకేసింది. "నాకే చెబుతావే?" అంటూ అన్న కుడి కాలు ఎత్తాడు. అదే బూటు, అదే లాడం.

మద్దెల చేతికి పెద్ద స్పానరు ఎప్పుడు వచ్చిందో వాడికే తెలీదు. అన్న మోకాలి కింద ఎముక ఎండుకట్టెలా విరిగింది. అన్న కూలాడు. స్పానరు మళ్లీ లేచింది.

"బాబాయ్! చాలు!"

ఆగింది. చేతికి ఆ దెబ్బ బాగుంది, ఇంకొకటి కావాలంటోంది. మద్దెలకు పుట్టి బుద్ధెరిగాక అంత భయం ఎప్పుడూ వేయలేదు.

స్పానరు బయట కాలవలోకి విసిరేశాడు. పిల్లను లేపి కూర్చోబెట్టాడు. అన్న నేల మీద దొర్లుతూ బూతులు తిడుతుంటే, రేకు సాపు చేసి, తీగకు టేపు చుట్టి, కొత్త ఫ్యూజు వేశాడు.

"నేను చస్తుంటే బండి బాగుచేస్తావేంట్రా!"

"ఆస్పత్రికి నడిచి పోతావా?"

వెక్కిళ్ల మధ్యే పిల్ల అంది: "నాన్నా, నాది ఎడమ, నీది కుడి. ఇద్దరికీ ఒక జత చెప్పులు చాలు."

పిల్లను ఎదురింటి దర్జీ ఆవిడకు అప్పగించి, అన్నను వెనక ఎక్కించుకున్నాడు. పట్టపగలే లైటు వెలుగుతోంది. ప్రతి గుంటకూ అన్న మూలిగాడు, మూలిగినప్పుడల్లా తమ్ముడి భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"దెబ్బ అచ్చం నాన్నదే రా," అన్నాడు చివరికి. ఆ గొంతులో మెచ్చుకోలు ఉంది.

ఆస్పత్రిలో, ఎలా విరిగిందని డాక్టరమ్మ అడిగింది.

"కిక్కు ఎదురు తన్నిందమ్మా. పాత బండి," అన్నాడు అన్న.

ఆవిడ నమ్మి రాసుకుంది. మద్దెల కుడి చేతిని ప్యాంటు జేబులో పెట్టుకుని, ఆవిడ వెళ్లేదాకా బయటికి తీయలేదు.