పంతులు మీద పడిన గోడ

మా తమ్ముడు దానియేలు గురజాల అవతల ఒక పల్లెలో బడిపంతులుగా ఉండేవాడు. ఆ ఊళ్ళో బడీ, ప్రార్థన మందిరమూ ఒకే గది. కిందటి దీపావళి వెళ్ళాక వచ్చిన గాలివానకు ఆ గది గోడ కూలి అతని మీద పడింది. పల్లెవాళ్ళే శవాన్ని నరసరావుపేట తెచ్చి మాకు అప్పగించారు.

అతని భార్య మార్తమ్మ అప్పుడు కాన్పుకు పుట్టింట ఉంది. పసిబిడ్డ తల్లిని ఎవరూ కదలనివ్వలేదు. మాఘమాసంలో నేను బిడ్డను చూడబోయినప్పుడు ఆమె ఒకటే అడిగింది. "బావగారూ, ఆ గోడ నాకొకసారి చూపించండి. చూస్తేగాని నాకు నమ్మకం కుదరదు."

నా దగ్గర ఒక పెట్టె కెమెరా ఉంది. యుద్ధం ముగిసినా ఫిలిం ఇంకా సరిగా దొరకడం లేదు. కెమెరాలో ఉన్న చుట్టలో నాలుగు బొమ్మలకు చోటు మిగిలి ఉంది. కూలిన గోడకు అవి చాలుననుకుని బయలుదేరాను.

తెల్లవారుజామున పేటలో సత్తెనపల్లి బస్సు ఎక్కాను. అది పెట్రోలు కరువులో బొగ్గుతో నడిపే బస్సు. ఎత్తు వచ్చినచోటల్లా ఆగేది. క్లీనరు దిగి వెనక పొయ్యి కెలికేవాడు, మేమందరం దిగి తోసేవాళ్ళం. అయినా మాచర్ల రైలు అందింది. ఈ దారిన పోయేవారు సత్తెనపల్లిలోనే ఏదైనా తిని ఎక్కడం మంచిది. తరువాత ఏ స్టేషనులోనూ మంచినీళ్ళు తప్ప మరేమీ దొరకలేదు.

రైలుపెట్టెలో నా ఎదుట పిడుగురాళ్ళ సెట్టిగారొకరు కూర్చున్నారు. కెమెరా చూసి పెళ్ళికా అని అడిగారు. కూలిన గోడకు అన్నాను.

"నిలబడ్డ గోడకే ఎవరూ తీయించుకోరు గదయ్యా" అని నవ్వారు. సంగతి చెప్పాను. దిగేటప్పుడు తన సంచిలోంచి రెండు అరటిపళ్ళు తీసి నా పక్కన పెట్టారు.

గురజాలలో దిగేసరికి ఒంటిగంట దాటింది. స్టేషను బయట బండి మాట్లాడుకుని పొద్దుగుంకే వేళకు పల్లె చేరాను. శవంతో పేటకు వచ్చినవారిలో సంఘపెద్ద ఏసోబు ఒకడు. ఆయన నన్ను గుర్తుపట్టి కాళ్ళకు నీళ్ళిచ్చాడు. గోడ చూపించమన్నాను.

ఆయన తీసుకుపోయిన చోట గోడ లేదు. చదునుచేసిన నేల మీద మిరపకాయలు ఎండుతున్నాయి. గాలివానకు పల్లెలో సగం ఇళ్ళు పడ్డాయని పేటలోనే విన్నాను. ఇప్పుడు పడి ఉన్న రాయి ఒక్కటీ కనపడలేదు. రాయి చాలక రెండేసి ఇళ్ళకు మధ్య ఒకే గోడ పెట్టి వరసగా కట్టుకున్నారు. ఆ గోడల సంగతి ఏసోబు భార్య రూతమ్మ చెప్పింది. "రాయి కలిసొచ్చింది గాని, ఎవురింట్లో ఎవురిని తిట్టినా పక్కింటోళ్ళు జవాబు చెప్తన్నారు."

బడి రాళ్ళు ఏమయ్యాయని అడిగాను. మనిషిని చంపిన రాళ్ళు ఇంటి గోడలో పెట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదట. "దేవుడి వాక్యంలో అట్టాంటిదేం లేదని నేను చెప్పా. ఇనలా" అన్నాడు ఏసోబు. వాగులో పారేద్దామని కొందరన్నారట. రూతమ్మ అడ్డం పడింది.

"బతికినన్నాళ్ళూ నల్లబల్ల లేదని మొత్తుకున్నాడు ఆ పిల్లోడు. ఇయ్యి నున్నగా ఉండయ్. పాతి నిలబెట్టండి, పిలకాయలు రాసుకుంటారు అన్నా."

వేపచెట్టు కింద ఆ నాపరాళ్ళు నడుమెత్తున వరసగా నిలబడి ఉన్నాయి. బొగ్గు, ఆకుపసరు నూరి పూయడంతో నల్లగా ఉన్నాయి. కొత్త పంతులు ఇంకా రాలేదు. మా తమ్ముడి దగ్గర చదువు నేర్చుకున్న రూతమ్మే పిల్లలకు పాఠం చెబుతోంది. "నాకు గుణింతాల దాకా వచ్చు. ఒత్తుల్లో తడబడతా" అంది.

నేను వచ్చిన పని చెప్పాను. మార్తమ్మ ఏమడిగిందో కూడా చెప్పాను. ఏసోబు రాళ్ళ వైపు చెయ్యి చూపించాడు.

"ఆ తల్లి అడిగిందంటే కాదనం బాబూ. రేపు రాళ్ళు పీకి, ఆ రోజు ఎట్టా పడ్డయ్యో అట్టాగే పేరుస్తాం. మీరు ఫోటో తీసుకోండి. మళ్ళా పాతుకుంటాం."

ఆయన వేళాకోళానికి అనలేదు. మార్తమ్మ అడిగింది అదే. నేను మాట ఇచ్చింది అదే. పొద్దున చెబుతానన్నాను. జొన్నరొట్టె, పచ్చడి తిని అరుగు మీద పడుకున్నాను. చాలాసేపు నిద్రపట్టలేదు.

తెల్లవారి చెట్టు దగ్గరికి పోయేసరికి రూతమ్మ రాళ్ళన్నిటినీ కడిగేసింది. ఫోటో అంటే శుభ్రంగా ఉండాలి గదా అంది. పిల్లలు తలంటుకుని వరసగా నిలబడ్డారు. రాళ్ళ మీద ఒక్క అక్షరం లేదు. ఏసోబు గడ్డపార భుజాన పెట్టుకుని, ఇంకో నలుగురితో నా మాట కోసం కాచుకుని ఉన్నాడు.

"పీకొద్దు" అన్నాను. "నిన్న ఏం రాసి ఉందో అదే మళ్ళీ రాయించండి."

"నిన్న ఎక్కాలు" అంది రూతమ్మ.

"ఎక్కాలే రాయించండి."

పిల్లలు సున్నపుముక్కలు పట్టుకుని రాళ్ళ ముందు కూర్చున్నారు. ఏడో ఎక్కం దగ్గర ఒకడు తప్పు రాస్తే రూతమ్మ వాడి చెవి మెలిపెట్టింది. అది ఒక బొమ్మ. రాళ్ళు మాత్రమే కనిపించేట్టు ఇంకొకటి. రెండిళ్ళ నడిమి గోడ మూడోది. మిగిలినదాన్ని మిరపకాయలు ఎండుతున్న నేలకు వాడాను. అక్కడ ఏమీ లేదని కూడా మార్తమ్మకు తెలియాలి.

ఏసోబు బండి కట్టి గురజాల స్టేషను దాకా వచ్చాడు. రైలు కదిలేటప్పుడు, ఆమె కోపగించుకుంటుందేమో అన్నాడు. తెలియదన్నాను.

పిడుగురాళ్ళ దాటాక కెమెరా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎక్కడో గోడలు కూలినవారెవరైనా ఇది చదివితే, ఆ పల్లెకు పోయి చూడమని చెబుతాను. మళ్ళీ కట్టుకోవడం ఎలాగో అక్కడ తెలుస్తుంది. నేను చెప్పవలసిన మాట ఇంకొకటుంది. ఎక్కాలున్న రాళ్ళ బొమ్మ చేతికి ఇస్తే, గోడ ఏదని మార్తమ్మ అడుగుతుంది. ఇదేనమ్మా, అంటాను.