అవసరం లేదప్పా

చాలా ఏళ్లుగా ఒక వస్తువు బరువు మోస్తున్నాను. అరచేతిలో పెట్టుకుంటే దానికి బరువే ఉండదు. బొటనవేలంత ముక్క. దాన్ని చొక్కా జేబులో వేసుకున్న ఆ పొద్దుటి నుంచి ఇప్పటిదాకా ఛాతీ మీద ఆ చోటు ఖాళీ అయినట్టు నాకు అనిపించలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పాలని చాలాసార్లు నోరు తెరిచాను. తెరిచి, వానలు పడ్డాయా అని అడిగాను.

నేను తమిళనాడులోని ధర్మపురిలో ఒక తమిళ దినపత్రికకు విలేకరిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా వాళ్లందరిదీ అంతే. ఊళ్లో ఎవరేం చేసినా ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అని ఆరా తీసి రాసేవాణ్ణి. నా సంగతికి వచ్చేసరికి మొదటి మూడింటికీ జవాబు ఉంది. చివరిదే ఇప్పటికీ తెలియదు.

నాకు ఒక పాత కారు ఉంది. అప్పటికే పాతది, మోజుపడి కొత్త సీటు కవర్లు వేయించుకున్నాను. మా అక్క భర్త మునెప్ప బావ వెల్లిచందై అనే పల్లెలో మేకలు పెంచుతాడు. ఒకసారి కాలు విరిగిన మేకపిల్లను పశువుల డాక్టరుకు చూపించాలని వచ్చి, దాన్ని ఆ కొత్త కవర్ల మీదే పడుకోబెట్టాడు. ఆ వాసన వానాకాలం పోయినా పోలేదు. ఆ తరువాత బావ వీధి మలుపులో కనిపిస్తే చాలు, నాకు ముందు ఆ వాసన వచ్చేది. కానీ అక్క మొగుడికి కాదని ఎలా చెప్పడం? మా ఇళ్లలో అది లేదు.

కాదని చెప్పలేక ఒక ఉపాయం పట్టుకున్నాను. పాత కార్లలో, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత కింద రోటర్ అని ఒక చిన్న ముక్క ఉంటుంది. అది లేకపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజను తిరుగుతుంది, గురగురమంటుంది, అంతే. స్టార్ట్ కాదు. చూసేవాళ్లకు బండి ఎంతో కష్టపడుతున్నట్టు ఉంటుంది. బావ వస్తున్నాడని తెలిస్తే దాన్ని తీసి జేబులో వేసుకునేవాణ్ణి. అతను వెళ్లాక మళ్లీ పెట్టేవాణ్ణి. ఇది మోసమని అప్పుడు అనుకోలేదు. మర్యాద అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నానా? ఏమో.

ఆ రోజు పొద్దున్నే బావ చేతిలో గుడ్డసంచీతో మలుపు తిరిగాడు. సంతకు బయలుదేరాడనుకున్నాను. గబగబా బానెట్ ఎత్తి రోటర్ తీసి జేబులో వేసుకుని గడపలోకి వచ్చాను. బావ దగ్గరికి వచ్చి, కూర్చోకుండానే చెప్పాడు.

"కిట్టప్పకు బాగలేదప్పా. సేలంలో ఆస్పత్రిలో పెట్టినారు. అన్నను చూడల్ల, తీసుకోని రాండి అంటా ఉండాడంట. బండి తీస్తావా?"

కిట్టప్ప బావకు సొంత తమ్ముడు. ఇద్దరికీ ఉమ్మడి బావి నీళ్ల దగ్గర తగాదా వచ్చి, మాటలు లేక చాలా కాలమైంది. ఆ మనిషి ఇప్పుడు అన్నను చూడాలంటున్నాడు. నా చెయ్యి దానంతట అదే జేబు మీదికి పోయింది.

ఇక్కడ ఆగి చూసుకుంటాను, ఎప్పుడూ ఇక్కడే ఆగుతాను. దాన్ని తిరిగి పెట్టడానికి ఎంతసేపు? మూత తీయడం, పెట్టడం. కానీ బావ నా వెంటే బండి దగ్గరికి వచ్చాడు. అతని కళ్ల ముందు జేబులోంచి ఎలా తీయను? 'కింద పడింది బావా, ఇదిగో దొరికింది' అంటే సరిపోయేది. ఒక్క చిన్న అబద్ధం. అంత పెద్ద అబద్ధం ఆడినవాడికి ఆ చిన్నది ఎందుకు తోచలేదు? నేను చేసిందేమిటంటే, పోయి సీట్లో కూర్చుని తాళం తిప్పాను. స్టార్ట్ కాదని తెలిసి తిప్పాను.

పక్కింటి సుబ్రమణి బయటికి వచ్చాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనవాడు, తమిళుడు, బానెట్ ఎత్తి ఉంటే చూస్తూ ఊరుకోలేడు. పెట్రోలు రావడం లేదన్నాడు. పైపు ఊడదీసి ఊదాడు. కాదు, ఎక్కువగా వచ్చేసిందన్నాడు. ప్లగ్గులు తీసి లుంగీ అంచుతో తుడిచి బిగించాడు. "ఈ బండికి కూడా నాలాగా పెన్షన్ ఇచ్చేయండి సార్" అని తమిళంలో నవ్వాడు. నేను కూడా నవ్వాను. సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ నీరసించింది. తోసి చూద్దామన్నాడు.

తోశారు. సుబ్రమణి ఒక పక్క, బావ ఒక పక్క. బావ చెప్పులు విడిచి, సంచీని వెనక సీటు కింద పెట్టి, తలగుడ్డ బిగించి తోశాడు. సీటు మీద పెట్టలేదు. కవర్లు మాసిపోతాయని కాబోలు. అద్దంలో అతని ముఖం కనబడుతోంది. నేను క్లచ్ వదిలాను. బండి ఒక్కసారి ఊగి ఆగింది. మళ్లీ తోశారు. మళ్లీ వదిలాను. వీధి చివరిదాకా అలాగే వెళ్లాం.

వీధి చివర సుబ్రమణి మళ్లీ బానెట్ ఎత్తి, చెమట తుడుచుకుంటూ, డిస్ట్రిబ్యూటర్ మూత ఒక్కటే మిగిలింది, అదీ విప్పి చూస్తానన్నాడు. స్క్రూడ్రైవర్ కోసం ఇంటివైపు తిరిగాడు. నేను సీట్లోంచి దిగాను. అప్పుడు బావ, బండికి ఆనుకుని రొప్పుతూ, నన్ను చూసి అన్నాడు:

"అవసరం లేదప్పా."

ఈ మాట గురించి మీకు చెప్పాలి. మీ తెలుగులో అవసరం అంటే అక్కర. తమిళంలో అదే మాటకు తొందర అని అర్థం. మా ఇళ్లలో రెండు విధాలా వాడతాం, ఏది ఎప్పుడో ముఖం చూసి తెలుసుకుంటాం. బావ అన్నది 'అక్కర్లేదు, వదిలెయ్యి' అనా? 'తొందరేం లేదు, నిదానంగా చూడు, నేను ఆగుతాను' అనా? సుబ్రమణికి తమిళ అర్థమే వినిపించింది. సరేనని తలాడించి స్క్రూడ్రైవర్‌కు బయలుదేరాడు కూడా. నేను ముఖం చూడలేదు. నాకు పనికొచ్చే అర్థం అందుకున్నాను.

"బావ వద్దంటున్నాడు సుబ్రమణీ, వదిలెయ్" అని తమిళంలో గట్టిగా చెప్పి బానెట్ మూశాను. "బస్సుకు పో బావా, ఇప్పుడే ఒకటి ఉంటుంది."

బావ సంచీ తీసుకుని, చెప్పుల కోసం మా ఇంటిదాకా వెనక్కి నడిచి, బస్టాండుకు పోయాడు.

సేలం దారిలో, తొప్పూరు కనుమలో లారీ ఒకటి అడ్డంగా పడిపోయి బస్సులన్నీ ఆగాయి. బావ ఆసుపత్రికి చేరేసరికి కిట్టప్ప లేడు. అతను తలుపు వైపే చూస్తూ పడుకున్నాడని కిట్టప్ప భార్య చెప్పిందట. కారులో పోతే అందేవాడా? లారీ పడకముందే కనుమ దాటేవాళ్లమా, మేమూ అక్కడే ఇరుక్కునేవాళ్లమా? ఆ లారీ ఎప్పుడు పడిందో కనుక్కోవడం నాకు చిటికెలో పని. మర్నాడు ఆ వార్త మా పత్రికలోనే వచ్చింది. నేను ఆ పేజీ తెరవలేదు. ఇప్పటికీ తెలియదు. తెలియకపోవడమే మేలని అనుకున్నానో, తెలియకుండా ఉండటమే శిక్ష అనుకున్నానో, అది కూడా తేల్చుకోలేను.

చావింట్లో అక్క అందరికీ చెప్పింది: "మా తమ్ముడు బండితో ఎంత అగచాట్లు పడినాడో, చెమటలు కారిపోయినాయి వానికి." అందరూ నా వైపు జాలిగా చూశారు. బావ నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వేం చేస్తావప్పా, ఇనుము కదా, మన మాట వింటుందా" అన్నాడు. ఆ ఓదార్పు నేను తీసుకున్నాను. రోటర్ తీసి జేబులో వేసుకోవడం కంటే అదే పెద్ద తప్పేమో.

ఈ మధ్య ఆ కారు నిజంగానే మొరాయించింది. ఈసారి నేనేమీ చేయలేదు. నమ్మండి, ఆ మాట నాలో నేనే చాలాసార్లు అనుకున్నాను. ఇవాళ మెకానిక్ వచ్చినప్పుడు బావ కూడా ఇక్కడే ఉన్నాడు. మెకానిక్ మూత విప్పి, రోటర్ తీసి, గీతలు పడ్డాయని బావ చేతిలో పెట్టాడు. ఇది లేకపోతే బండి కదలదు పెద్దాయనా అన్నాడు. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ తరువాత నన్ను చూశాడు.

"ఇంత చిన్నదా?" అన్నాడు.

అంతే. ఆ రోజు నా పల్చటి చొక్కా జేబులోంచి ఇది అతనికి కనబడిందా? ఇన్నేళ్లూ తెలిసే ఊరుకున్నాడా? లేక ఒక ముసలాయన ఒక చిన్న ముక్కను చూసి ఆశ్చర్యపోయాడా?

మెకానిక్ కొత్తది తేవడానికి పోయాడు. నేను లోపలికి వచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. తెలుగులో రాస్తున్నాను. నా జీవితమంతా తమిళంలోనే రాశాను; ఈ అక్షరాలు పెద్దయ్యాక నేనే నేర్చుకున్నాను. మా ఇంట్లో ఎవరికీ రావు. ఒప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ చదవలేని అక్షరాలనే ఎందుకు ఎంచుకున్నాను? ఇది కూడా మళ్లీ జేబులో దాచుకోవడం కాదా? కానీ బిగ్గరగా చదివితే బావకు ప్రతి మాటా అర్థమవుతుంది.

ఇందాక బావ గడపలోంచి తొంగి చూశాడు. "ఏం రాస్తా ఉండావు?"

"నీ గురించే బావా. చదువుతాను, వింటావా?"

"అవసరం లేదప్పా" అన్నాడు.

ఈసారి ముఖం చూశాను. చూసినా తెలియలేదు.

కాగితాలు తీసుకుని వెళ్లి అతని పక్కన కూర్చున్నాను. మొదటి వాక్యం నుంచి చదివాను. రోటర్ దగ్గర ఆగి మళ్లీ చదివాను. 'చూసినా తెలియలేదు' అన్నదాకా చదివేశాను. ఈ చివరి నాలుగు మాటలే తరువాత రాస్తున్నాను. ఛాతీ మీద ఆ చోటు ఇప్పుడు ఖాళీగా ఉంది, కొత్తగా, కొంచెం చలిగా. బావ తలగుడ్డ విప్పి ఒళ్లో పెట్టుకుని కారు వైపు చూస్తున్నాడు. పోయొస్తానని చెప్పలేదు. పోలేదు కూడా.