పళ్లెంలో తాపీ

మా పాప అన్నప్రాసన చీపురుపల్లి దగ్గర మా అత్తగారింట్లో జరిగింది. పాపకి ఏడో నెల. వచ్చే వేసవిలో నేను తవ్వకాల కోసం రెండు నెలలు కజకిస్తాన్ వెళ్లాలి. పాపని చూసుకుంటానని అత్తగారు ఇంకా మాటివ్వలేదు. అందుకే ఆ రోజు పొద్దున్నుంచీ ఒళ్లు దగ్గర పెట్టుకుని మసలుతున్నాను.

గుర్రాల మీద, మందల వెంట తిరిగిన పూర్వపు సంచార జాతుల మీద నా పరిశోధన. వాళ్లు పెద్దగా ఊళ్లు కట్టుకోలేదు. వాళ్ల గురించి తెలిసేదంతా దాదాపు గడ్డి మైదానాల్లోని మట్టిదిబ్బల కింద, సమాధుల్లోనే ఉంటుంది. ఈ సంగతి మా ఆయనకి తప్ప ఆ ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు.

పాయసం నాకించాక పాప ముందు పళ్లెం పెట్టారు. పుస్తకం, పెన్ను, గొలుసు, చాకు. మా ఆయన లోపలికెళ్లి నా బ్యాగులోంచి చిన్న తాపీ తెచ్చి వాటి పక్కన పెట్టారు. నాకు సంతోషమే వేసింది. పాప పొట్టమీద జరుగుతూ వెళ్లి దాన్నే పట్టుకుని నోట్లో పెట్టుకుంది.

"ఇదేట్రా, తాపీమేస్త్రీ అవుతాదేటి నీ కూతురు?" అని మా ఆయన పెద్దమ్మ నవ్వింది.

"కాదు పెద్దమ్మా, వాళ్లమ్మ సమాధులు తవ్వేది దీంతోనే" అన్నారాయన గొప్పగా.

"ఓలమ్మో! పీనుగుల్ని తవ్విందాన్ని పసిబిడ్డ ముందు ఎట్టినారేట్రా?"

అందరికంటే ముందు నేనే తాపీ లాగేసుకున్నాను. పాప గుక్కపట్టింది. పాప పుట్టకముందు దాంతో ఒక పసిబిడ్డ ఎముకల చుట్టూ మట్టి తీశాను. ఎన్నోసార్లు కడిగిన తాపీ అది. మైల అన్నది మనుషులు కల్పించుకున్నదని క్లాసులో చెప్పే నేను, కొంగుతో పాప నాలుక తుడుస్తూనే ఉన్నాను. పసుపునీళ్లతో పాపకి మళ్లీ స్నానం చేయిస్తుంటే చుట్టాలు తల వంచుకుని భోజనాలు కానిచ్చారు.

సాయంత్రం వంటింట్లో అత్తగారు అన్నారు: "ఎల్లిరా. బిడ్డని నాను సూసుకుంటాను. పాఠాలు సెప్పడానికి ఎల్నాదని ఊళ్లో సెప్తాను, నువ్వూ అదే సెప్పు. ఆ బొమికల మాట మరెత్తకు."

"సరే అత్తయ్యా" అన్నాను. ఆలోచించను కూడా లేదు.

మర్నాడు పక్కింటావిడ వచ్చింది. "ఏటి పాఠాలు సెప్తావమ్మా అక్కడ?"

పాప నా చంకలోనే ఉంది.

"ఇంగ్లీషు" అన్నాను.